కన్నం దగ్గర చేతులు కట్టుకుని

నీళ్ల అడుగున మాట సాగదు. అందుకే డైవింగ్‌లో ప్రతిదానికీ ఒక సైగ ఉంది. బొటనవేలు పైకెత్తితే పైకి వెళ్దామని. బొటనవేలునీ చూపుడువేలునీ కలిపి సున్నా చుడితే అంతా సవ్యంగా ఉందని. అరచేతిని నుదుటి మీద నిలువుగా నిలబెడితే సొరచేప వచ్చిందని. నాలుగు వేళ్లు ఒక దవడ, బొటనవేలు ఇంకో దవడ అయినట్టు చేతిని తెరిచి మూసి, తెరిచి మూసి చూపిస్తే మోరే ఈల్ కనబడిందని. మనవాళ్లు పాము చేప అంటారు.

ఈ వారం ఆ చివరి సైగ గురించి రాయాలనిపించింది. పదకొండేళ్లుగా ఆ సైగ నాకు ఎవరో ఒకరు చూపిస్తూనే ఉన్నారు, నేనూ నలుగురికి చూపిస్తూనే ఉన్నాను. అది కరిచే నోరు అనుకుంటూ చాలా ఏళ్లు చేశాను.

నలభై రెండో ఏట డైవింగ్ నేర్చుకున్నాను. మా విశాఖలో రుషికొండ దగ్గర కూడా నేర్పుతారు. నాకు పగడపు దిబ్బలు చూడాలని ఉండి అండమాన్ వెళ్లాను. అక్కడ మన భాషకు కొదవ లేదు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉదయం పూట నిలబడితే శ్రీకాకుళం తీరంలో ఉన్నామా అనిపిస్తుంది. తాతల నాడే వలలూ పడవలూ నమ్ముకుని అటువైపు వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. నాకు గైడుగా వచ్చిన కుర్రాడు అలాంటి ఇంటివాడే. పాతికేళ్లుంటాయి. నీళ్ల పైన వాగుడుకాయ, నీళ్లలో మహా మౌని.

నా ఐదో డైవ్ అది. 12 మీటర్ల లోతులో ఉన్నాం. కొంచెం ప్రవాహం ఉంది. కొత్తగా నేర్చుకునే ఎవరైనా చేసే పనే నేనూ చేశాను. ఒళ్లు పక్కకి కొట్టుకుపోతుంటే ఆసరా కోసం ఎదురుగా ఉన్న రాతి అంచు పట్టుకోబోయాను. వేళ్లు ఇంకా రాతికి తగలలేదు. వెనక నుంచి నా మణికట్టుని ఒక చెయ్యి గట్టిగా పట్టుకుని లాగింది. తిరిగి చూస్తే ఆ కుర్రాడు. రెండో చేత్తో సైగ చేస్తున్నాడు. తెరిచి మూసి, తెరిచి మూసి.

అప్పుడు చూశాను. నేను పట్టుకోబోయిన అంచు కిందే కన్నం. కన్నంలోంచి నా రెండు దోసిళ్లంత తల. నోరు తెరిచింది. లోపల తెల్లటి పళ్లు. మూసింది. మళ్లీ తెరిచింది. నా వైపే.

మాస్క్ అద్దంలోంచి చూస్తే నీళ్లలో ఏ వస్తువైనా ఉన్నదాని కంటే మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. పాఠంలో చెప్పారు, పరీక్షలో రాశాను. ఆ క్షణాన ఏదీ గుర్తులేదు. గబగబా ఊపిరి పీల్చడం మొదలుపెట్టాను. సిలిండర్ ముల్లు చూస్తుండగానే దిగిపోయింది. పైకి వెళ్దామని బొటనవేలు ఎత్తింది నేనే.

పడవలో ఫిన్స్ విప్పుతూ ఆ కుర్రాడు ఒక్కటే మాటన్నాడు. “అక్కా, అది మిమ్మల్నేమీ అనలేదు. చెయ్యి చాచింది మీరు.”

నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రం గదికొచ్చి డైవ్ పుస్తకంలో ఇలా రాసుకున్నాను: “భయంకరమైన పాము చేప. మీద పడబోయింది. గైడు కాపాడాడు.” ఆ పేజీ ఇంకా ఉంది. చింపాలని చాలాసార్లు అనుకుని ఉంచేశాను.

తిరుగు ప్రయాణంలో పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. వాళ్ల మామ్మ ఉంది. ఎనభై దాటిన మనిషి. చూపు మందగించినా మాట మందగించలేదు. మనవడు జరిగింది చెప్పాడు. ఆవిడ కాసేపు నా చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ తడిమింది, లెక్కపెట్టినట్టు.

“కన్నంలో సెయ్యెట్టినోడిది తప్పు గానీ, కన్నంలో ఉన్నదాన్ది తప్పెలాగవుద్దమ్మా?” అంది.

ఆవిడ భర్త గేలపు తాళ్లతో వేటాడేవాడట. పాము చేప పడితే పడవలోకి లాగేవాళ్లు కాదట. తాడు కోసేసేవాళ్లట. ఎందుకంటే, చుట్టూ తిరిగి ముడి పడి తాడునీ మనిషినీ కూడా ఆగం చేస్తుందని. “దాని ఇల్లు దానిది. మనం దారినపోయేవోలం,” అంది, నా కంచంలో ఇంకో చేప ముక్క వేస్తూ.

ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. నేను చూసింది జెయింట్ మోరే. శాస్త్రంలో దాని పేరు జిమ్నోథోరాక్స్ జావానికస్. ఆ జావా పేరు పెట్టింది పీటర్ బ్లీకర్. డచ్ సైన్యంలో వైద్యుడిగా బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో ఏళ్ల తరబడి ఉండి, వైద్యం చేస్తూనే అక్కడి చేపల బజారులో దొరికిన ప్రతి చేపనీ తెచ్చి చూసి రాసినవాడు. ఈ చేప గురించి 1859లో రాశాడు. ఎర్రసముద్రం నుంచి, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పసిఫిక్ మధ్యలోని పిట్‌కెయిర్న్ దీవుల దాకా వెచ్చటి నీళ్లలో, పగడపు దిబ్బల్లో ఇది బతుకుతుంది. 3 మీటర్ల పొడవు, 30 కిలోల బరువు దాకా పెరుగుతుంది. పొలుసుల్లేవు, ఒళ్లంతా జిగురు. పక్క రెక్కల్లేవు, పొట్ట రెక్కల్లేవు. పామనే అనిపిస్తుంది, కానీ నూటికి నూరుపాళ్లు చేప. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఇదే చేప గాజు ఆకులా పారదర్శకంగా ఉండి నడిసముద్రంలో కొట్టుకుపోతూ పెరుగుతుందట. ఆ ఆకు ఏదో ఒకనాడు ఒక దిబ్బ చేరి, ఒక కన్నం వెతుక్కుని, కండ పట్టి ఇంత అవుతుంది.

ఇవన్నీ ఆసక్తిగా చదివాను. ఒక చోట మాత్రం పుస్తకం మూసి కూర్చున్నాను.

మామూలు చేపకి మొప్పల మీద తలుపులాంటి మూత ఉంటుంది. బజారులో చేప కొనేటప్పుడు ఎత్తి ఎరుపు చూస్తామే, అది. ఆ మూత ఆడిస్తూ నీటిని మొప్పల మీదుగా నడిపించుకుంటుంది చేప. మోరేకి ఆ తలుపు లేదు. తలకి ఇటూ అటూ చెరొక చిన్న గుండ్రటి రంధ్రం, అంతే. కన్నంలో కదలకుండా పడుకున్న ఒంటికి నీరు తనంతట తాను వచ్చి తగలదు. అందుకని నోటితో నీళ్లు పట్టి వెనక్కి తోసుకోవాలి. ఎడతెగకుండా. తెరిచి మూసి, తెరిచి మూసి.

ఊపిరి పీల్చుకుంటోంది. నా మీద పడబోయిందని నేను రాసిపెట్టుకున్న చేప ఆ సమయంలో చేస్తున్నది అంతే.

మా ఇంట్లో ఊపిరి చప్పుడు అలవాటైన చప్పుడు. అమ్మకి ఉబ్బసం. చలికాలం రాత్రుళ్లు అమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని నోటితో గాలి పట్టుకునేది. చెల్లెలూ నేనూ పక్క గదిలో ఆ చప్పుడు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాళ్లం. ఇప్పటికీ అమ్మ ఊపిరి వినబడితేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది నాకు. అయినా ఆ రోజు నీళ్లలో అది ఊపిరని నాకు తట్టలేదు.

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాను. ఈసారి చేపల కోసం కాదని ఆ కుర్రాడితో ముందే చెప్పాను. నిలబడడం నేర్పమన్నాను.

డైవింగ్ అంటే ఈత అనుకుంటారు, ధైర్యం అనుకుంటారు. నాకు తెలిసినంతలో దాని అసలు విద్య ఒకటే: తేలకుండా, మునగకుండా, ఉన్నచోట ఉండడం. నడుముకి బరువులు కిందికి లాగుతుంటాయి. జాకెట్‌లో గాలి పైకి లాగుతుంటుంది. ఈ రెండింటి మధ్య తక్కెడ ముల్లు ఊపిరితిత్తులే. కొంచెం ఎక్కువ పీలిస్తే జానెడు లేస్తాం. కొంచెం ఎక్కువ వదిలితే జానెడు దిగుతాం. అదీ వెంటనే జరగదు. పీల్చిన రెండు మూడు క్షణాలకి గానీ ఒళ్లు లేవదు. ఆ ఆలస్యం తెలియనివాళ్లు కంగారుపడి ఇంకా పీలుస్తారు, బుడగలా పైకి పోతారు. ఊపిరి బిగబట్టి ఆగుదామా అంటే అది నిషిద్ధం. మొదటి రోజు మొదటి పాఠం అదే. లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది. బిగబట్టిన ఛాతీ చీలిపోతుంది. కాబట్టి ఊపిరి ఆగకూడదు, ఒళ్లు మాత్రం ఆగాలి.

ఆ వారమంతా ఇసుక నేల మీద, మోకాలెత్తున గాల్లో వేలాడినట్టు ఉండడం సాధన చేశాను. కుర్రాడు ఎదురుగా చేతులు కట్టుకుని తేలుతూ ఉండేవాడు. నన్నూ కట్టుకోమనేవాడు. చేతులు కట్టుకుంటే తెలుస్తుంది మనం ఎన్నిసార్లు వాటిని ఊరికే ఊపుతామో. నీళ్లలో మనిషికి చేతులతో పనే లేదు. ఈదేది కాళ్లు, నిలబెట్టేది ఊపిరి. చేతులు చేసేదల్లా దేన్నో ఒకదాన్ని ముట్టుకోవడం. ముట్టుకున్న చోట పగడం చస్తుంది, అర అంగుళం పెరగడానికి అది పడ్డ కష్టం ఒక్క వేలి ఒత్తిడికి పోతుంది. ముల్లు ఉంటే మనకి గుచ్చుకుంటుంది. కన్నం ఉంటే కన్నంలో ఎవరో ఉంటారు.

10 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి నేల మీద కంటే రెండింతలు. ఒక్కో ఊపిరికి సిలిండర్‌లో గాలి రెండింతలు ఖర్చవుతుంది. అందుకని కంగారు పడేవాళ్లకి సముద్రం అరగంటలో అయిపోతుంది. నెమ్మదిగా పీల్చేవాళ్లకి గంట. నాకు మొదట్లో ఇరవై ఎనిమిది నిమిషాలు వచ్చేది. నాలుగో ఏడాదికి యాభై ఐదు దాటింది. పుస్తకంలో చేపల పేర్లు రాయడం తగ్గి నిమిషాలు రాయడం ఎక్కువైంది.

ఐదో ఏడాది ఫిబ్రవరిలో, మళ్లీ అదే దిబ్బ, దాదాపు అదే లోతు. కన్నం ముందు బారెడు దూరంలో, కొంచెం పక్కగా, చేతులు కట్టుకుని ఆగాను. ఎదురుగా నిలబడితే దానికి దారి మూసినట్టవుతుందని మా కుర్రాడి మాట. తల గోధుమ రంగు. మెడ వెనక చిరుతపులి మచ్చలు. మొప్ప రంధ్రం చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి మరక. ముట్టె చివర రెండు చిన్న గొట్టాలు, అవి ముక్కులు. కన్ను చిన్నది. చూపు అంతంతమాత్రమే. వాసనే దాని చూపు.

నోట్లో ఏదో కదిలింది. ఎర్రటి రొయ్య. వీపు పొడవునా తెల్ల గీత. పొడవాటి తెల్లటి మీసాలు. పై దవడ పళ్ల మధ్య నడుస్తోంది. ఒక్కో పన్ను దగ్గరా ఆగి, ముందు కాళ్లతో ఏదో గిల్లి తీసి, నోట్లో వేసుకుని, మరో పన్నుకి. మోరే నోరు తెరిచి మూస్తూనే ఉంది, కానీ పూర్తిగా మూయడం లేదు. ప్రతిసారీ రొయ్యకి చోటుంచి, వేలెడు సందు దగ్గర ఆపుతోంది. ఊపిరి ఆపుకోలేదు, రొయ్యని నలపనూ లేదు. రొయ్య నాలుక దాటి గొంతు వైపు వెళ్లింది. నా గుండె ఆగినంత పనైంది. కాసేపటికి కింది దవడ మీదుగా బయటికొచ్చి, చెంప ఎక్కి, కన్ను చుట్టూ శుభ్రం చేసింది.

ఏడు నిమిషాలు చూశాను. నా బుడగల చప్పుడు దాన్ని బెదిరించకుండా సన్నగా వదులుతూ. ఎప్పటికో గమనించాను, అది నోరు తెరిచినప్పుడు నేను పీలుస్తున్నాను, మూసినప్పుడు వదులుతున్నాను. కావాలని చేసింది కాదు.

రొయ్య భయపడకుండా వెళ్లిన ఆ గొంతు మామూలు గొంతు కాదు. అందులో ఇంకో దవడ ఉంది. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ ఇద్దరూ మోరే జాతుల్లో ఒకదాన్ని తింటుండగా హైస్పీడ్ కెమెరాతో చిత్రించి, ఎక్స్‌రే తీసి ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో చెప్పారు. చాలా చేపలు నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో పాటు ఎరని లోపలికి పీల్చుకుంటాయి. మోరే అలా కాదు. నోటి దవడలు ఎరని పట్టుకోగానే గొంతులోని రెండో దవడ ముందుకు దూకి, దాన్ని పట్టి, లోపలికి ఈడుస్తుంది. ఇరుకు కన్నాల్లో బతికే ఒంటికి ఎంత పొందికైన ఏర్పాటు అది!

అలాంటి నోటికి చేత్తో తిండి పెట్టే సరదా చాలాచోట్ల పెరిగింది. ఫొటో కోసం, వీడియో కోసం. 2005లో థాయ్‌లాండ్ సిమిలాన్ దీవుల దగ్గర ఒక డైవర్ జెయింట్ మోరేకి సాసేజ్‌లు పెడుతుంటే బొటనవేలు పోయింది. తర్వాత వైద్యులు కాలి వేలు తీసి ఆ చోట అతికించారు. చూపు సరిగా లేని జీవికి వాసన పట్టిన వేలు ఏదో, సాసేజ్ ఏదో ఎలా తెలుస్తుంది? తిండి అలవాటు చేసిన మోరే మనిషి కనబడగానే కన్నం వదిలి ఎదురొస్తుంది. మరుసటి రోజు వచ్చే కొత్త మనిషి దాన్ని దాడి అనుకుంటాడు. చేత్తో తినిపించే డైవ్‌కి ఎవరు పిలిచినా నేను పడవ ఎక్కను. ఈ విషయంలో మొహమాటం కూడా పడను.

తినబోయిన చెయ్యికి జరిగేది ఇంకో కథ. దిబ్బ మీది నాచు పట్టుకుని బతికే సూక్ష్మజీవుల విషం చిన్న చేపల్లోకి, వాటిని తిన్న పెద్ద చేపల్లోకి, చివరికి మోరేలోకి చేరి పేరుకుంటుంది. సిగ్వటెరా అంటారు. వండినా పోదు, రుచిలో తెలియదు. తిన్నవాళ్లలో కొందరికి చల్లటి నీళ్లు ముట్టుకుంటే కాలినట్టు ఉంటుందట. ఆ విషం నిర్మాణం తేల్చడానికి జపాన్‌లో తకేషి యసుమోతో బృందం ఫ్రెంచ్ పాలినేషియాలో పట్టిన 4,000 కిలోల మోరేల నుంచి సేకరించిన విషం 0.35 మిల్లీగ్రాములు. 1989లో ఆ పని పూర్తయింది. ఆ ఫలితం ఎందరికో మేలు చేసింది, కాదనను. నాలుగు టన్నులంటే ఎన్ని కన్నాలు ఖాళీ అయ్యాయోనని మాత్రం ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆ కన్నం దగ్గరికి మర్యాదగా వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎర్రసముద్రంలో రెడువాన్ బ్షారీ, ఆయన సహచరులు గమనించి 2006లో రాసిన విషయమిది. పగడపు గ్రూపర్ అనే చేప పగటివేళ వేటాడుతుంది. తరిమితే ఎర వెళ్లి సందులో దూరుతుంది. గ్రూపర్‌కి సందులో పట్టే ఒళ్లు కాదు. అప్పుడది జెయింట్ మోరే పడుకున్న కన్నం దగ్గరికి వెళ్లి, దాని ముఖం ముందు తల అటూ ఇటూ గబగబా ఊపుతుంది. మోరేకి ఇష్టమైతే లేచి వస్తుంది. ఇద్దరూ పక్కపక్కనే ఈదుకుంటూ వెళ్తారు. ఎర దాక్కున్న సందు మీద గ్రూపర్ తలకిందులుగా నిలబడి చూపిస్తుంది. మోరే లోపలికి దూరుతుంది. కొన్నిసార్లు మోరేకే దొరుకుతుంది, కొన్నిసార్లు బెదిరి బయటికొచ్చిన ఎర గ్రూపర్‌కి దొరుకుతుంది. పంచుకోవడం ఉండదు, ఎవరికి దొరికింది వాళ్లదే. అయినా మళ్లీ పిలుస్తుంది, మళ్లీ వస్తుంది. నన్ను కట్టిపడేసింది వేట కాదు, ఆ పిలుపు. గ్రూపర్ కన్నంలో ముట్టె పెట్టదు. వాకిట్లో నిలబడి అడుగుతుంది. మోరే రాకపోతే వెళ్లిపోతుంది.

2010లోనూ 2016లోనూ అండమాన్ నీళ్లు వేడెక్కి పగడాలు తెల్లబారిపోయాయి. కొన్ని కోలుకున్నాయి. కోలుకోనివి మెల్లగా పొడి అవుతున్నాయి. దిబ్బ పొడి అయితే కన్నం ఉండదు. నేను ప్రతి ఏడాదీ వెళ్లగానే ముందు చూసేది ఆ రాతి అంచు అలాగే ఉందా అని.

మొన్న జనవరిలో చెల్లెలి కూతుర్ని తీసుకెళ్లాను. పన్నెండేళ్లది. రెండు రోజులు ఇసుక మీద తేలడం నేర్పాం. ఆ కుర్రాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఇద్దరు పిల్లలు. మామ్మ లేదు. మూడో రోజు దిబ్బ దగ్గరికి దిగాం. పిల్లకి ముందే చెప్పాను, చేతులు కట్టుకోవాలని. కట్టుకుంది, బడిలో కూర్చున్నట్టు.

కన్నం ఉంది. తల ఉంది. అదే మోరేనో కాదో నేను చెప్పలేను. గైడు సైగ చేశాడు, తెరిచి మూసి, తెరిచి మూసి. పిల్ల నా పక్కనే తేలుతూ కదలకుండా చూసింది. నేను పిల్ల ముఖం చూస్తున్నాను, భయం వస్తే పైకి తీసుకెళ్దామని. మాస్క్ వెనక కళ్లు పెద్దవయ్యాయి గానీ, ఊపిరి బుడగలు ఒకే తీరుగా వస్తున్నాయి.

పడవ ఎక్కగానే నోట్లోంచి రెగ్యులేటర్ తీసి మొట్టమొదట అడిగిన మాట:

“పెద్దమ్మా, దానికి అమ్మమ్మకిలాగా ఆయాసమా? పాపం, నోటితో పీల్చుకుంటోంది.”

తల తుడుస్తున్న తువ్వాలు నా చేతిలోనే ఉండిపోయింది. గైడు ఇంజను తాడు లాగబోతూ ఆగి, మా ఇద్దరి వైపూ చూశాడు.

“లేదమ్మా,” అన్నాను కాసేపటికి. “అది అలాగే పీలుస్తుంది.”